ఎర్రనీళ్ళు తాగిన గుంటలు

జిల్లేడులోయలో ఆ గుంట కూడా నీళ్ళు తాగేసింది.

అంచు దాకా పోసిన ఎర్రనీళ్ళు ధవళకేతు చూస్తూ ఉండగానే బెత్తెడు దిగాయి, జానెడు దిగాయి, ఆఖరికి అడుగున కాస్త బురద మాత్రం మిగిలింది. ఆ బురద కూడా ఒక బుడగ వేసి, అది చిట్లిపోయాక ఊరుకుంది. ధవళకేతుకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోని ఖాళీ తోలుతిత్తిని ఎదురుగా ఉన్న జిల్లేడు పొద మీదికి విసిరికొట్టాడు.

"ఇదీ తాగిందా మేస్త్రీ?" అని వెనక నుంచి నాంచారమ్మ అడిగింది.

"కనిపించడం లేదూ?"

"కనిపిస్తాంది. నీ నోటితో చెప్తావేమోనని అడిగినా. ఆ తిత్తి ఏం చేసింది నిన్ను? పోయి తెచ్చుకో. చినిగితే కుట్టేవాడు గూడా లేడిప్పుడు. బండి కట్టుకుని పాయ."

ధవళకేతు పళ్ళు నూరుకుంటూ పొదలో దూరి, మోచేతుల నిండా జిల్లేడుపాలు పూసుకుని, తిత్తి తెచ్చుకున్నాడు. కాంచనధార రాజ్యానికి కాబోయే ప్రభువును అలా పొదలోకి తోలే ధైర్యం కోటలో ఎవరికీ లేదు. అయితే అతడు యువరాజని నాంచారమ్మకు తెలిస్తే కదా! ముతక పాగా, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, చేతిలో వెదురుకర్ర. ఊరూరా తిరిగి చెరువులకు చోటు చూసిపెట్టే దవళయ్య మేస్త్రిగానే ఆ లోయ అతణ్ణి ఎరుగును. ఆ వెదురుకర్ర బోలు అనీ, అందులో వంశపు కత్తి దాగి ఉందనీ ఎవరికీ తెలియదు. నిజం చెప్పి రావడానికి వీల్లేదు మరి. రాజుగారి మనుషులు వచ్చినప్పుడల్లా ఊరి జనం చేత వెట్టికి చెరువులు తవ్వించారు, ఒక్క చెరువులోనూ నీరు నిలవలేదు. కోట నుంచి వచ్చానంటే నాంచారమ్మే ముందుగా కుక్కల్ని వదిలేది. లోయలోని ఊళ్ళన్నిటికీ ఆమే పెద్ద.

అసలు తప్పు ధవళకేతు తాతగారిది. ఆయన ఒకప్పుడు వేటలో దారితప్పి, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి పడి ఉంటే, ఘటోదరుడనే మాంత్రికుడు దోసెడు నీళ్ళు చూపించి ఒక మాట పుచ్చుకున్నాడు. జిల్లేడులోయ నుంచి చివరి బండి ఏనాడు హద్దురాయి దాటి పోతుందో, ఆనాటి నుంచి ఆ లోయ ఘటోదరుడిది కావాలి. నిండుగా ఊళ్ళున్న లోయ ఎందుకు ఖాళీ అవుతుందిలే అని ముసలిరాజు నవ్వి, నీళ్ళు తాగి, సరేనన్నాడు. ఆ తర్వాత లోయలో వాగు ఎండింది, బావులు ఎండాయి. వాన పడుతుంది, పడిన వాన పడినట్టే మాయమవుతుంది. ఇప్పుడు ఊళ్ళు సామాన్లు కట్టుకుని కూర్చున్నాయి. తాత చేసిన వాగ్దానం మనవడి నెత్తిన పడింది.

ధవళకేతు చోటు ఎంచడంలో పొరపాటు చేస్తున్నాడా అంటే, ఎక్కడ చేస్తున్నాడో అతడికే అంతుపట్టడం లేదు. మూడు వాలులు వచ్చి కలిసే పల్లం ఎంచాడు. తాగింది. రెండు గుట్టలు భుజాలు రాసుకునేంత దగ్గరగా వచ్చి, మధ్యలో చిన్న కట్ట వేస్తే చాలుననిపించే ఇరుకు ఎంచాడు. అదీ తాగింది. పిసికితే ముద్దయ్యే జిగటమన్ను కోసం అరికాళ్ళు బొబ్బలెక్కేలా ఎండలో తిరిగి, దొరికాక చిన్నపిల్లాడిలా గంతులు వేసి, అక్కడ తవ్వాడు. అది అన్నిటికన్నా త్వరగా తాగింది. గురువుగారి దగ్గర నేర్చుకున్న జలశాస్త్రం మొత్తాన్నీ గుంటల్లో పోసేశాడు, అదీ ఇంకిపోయింది.

పైగా ఈ లోయవాళ్ళ ఆచారం ఒకటి అతడి ప్రాణం తీస్తోంది. వీళ్ళు నేలకు ఊరికే నీళ్ళు పోయరు. ఎండబెట్టిన మోదుగుపూలు ఉడికించి, ఆ ఎర్రనీళ్ళే పోయాలి. గుంట నీటిని నిలిపితే అక్కడ చెరువు కట్టవచ్చు. తాగేస్తే మాత్రం పిడికెడు మన్ను వేసి, వెనుదిరిగి వెళ్ళిపోవాలి. పొరపాటున కూడా వెనక్కి చూడకూడదు. చూస్తే గుంట దాహం చూసినవాడికి పట్టుకుంటుందట. పూడ్చడానికి కూడా ఎవరూ ఆ గుంట దగ్గరికి తిరిగి రారు. అందుకే లోయ నిండా, ఎక్కడ చూసినా, ధవళకేతు తవ్విన గుంటలు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి.

నాంచారమ్మ వంగి పిడికెడు మన్ను వేసింది. సరిగ్గా అప్పుడే పడమటి కొండ వెనక ఉరిమింది.

ఆమె నడుము పట్టుకుని లేచి, ఆ మబ్బును కాసేపు చూసింది. "అయిపాయ మేస్త్రీ. తొలి ఉరుముకు బండ్లు కట్టాలని ఊళ్ళన్నీ అనుకున్న మాట. ఇంక నేనాపలేను."

"వాన వస్తుంటే వెళ్ళిపోతామంటారేమిటమ్మా! ఇంకొక్క చోటు చూడనివ్వండి. ఆ తుమ్మల దిబ్బ అవతల..."

"నువ్వు ఇంకొక్క చోటు అనబట్టి ఎన్నాళ్ళాయ? వాన వస్తాది. మన్ను తాగుతాది. మేము నోరు తెరుచుకుని చూస్తాం. పక్కసీమలో కౌలుకు నేల ఇస్తామన్నారు. ఈ పదునులో దున్నితే ఆడైనా నాలుగు గింజలు పండుతాయి. ఇత్తనాలు మూటలో పెట్టుకుని ఎన్నాళ్ళు కూకుందుము?"

"మీ ఊరు వదిలిపోవడం మీకు ఇష్టమేనా?"

"ఇష్టమా!" నాంచారమ్మ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "నా మొగుణ్ణి ఈ మట్టిలోనే పెట్టినా. నా ఇద్దరు బిడ్డల్నీ ఈ మట్టిలోనే పెట్టినా. సరదాకు పోతానా నేను? చోటు చూపిస్తానని వచ్చినోడివి, చూపించలేకపోయి, నన్నడుగుతావా ఇష్టమా అని?"

ఆమె ముందుకు నడిచింది. అతడూ తల వంచుకుని వెనకే నడిచాడు. ఇద్దరూ వెనక్కి చూడలేదు. ఊరు దగ్గర పడుతుంటే ఎద్దుల గంటలు, బండ్లకెక్కిస్తున్న నీళ్ళ గాబుల చప్పుడు వినిపించాయి. ఊరి నడిమి ఎండిన బావి మీద కప్పిన రాతిపలక మీద ఎవరో తట్టలు సర్దుకుంటున్నారు. అప్పుడు ధవళకేతు తన చేతులు చూసుకున్నాడు. ఒక చేతిలో తిత్తి ఉంది, రెండో చెయ్యి ఖాళీగా ఉంది.

వెదురుకర్ర గుంట దగ్గరే మరిచిపోయాడు!

వంశపు కత్తిని గుంట దగ్గర పారేసి వచ్చిన యువరాజు ఈ భూమ్మీద తానొక్కడే అయి ఉంటాడనుకున్నాడు. తనను తాను తిట్టుకుంటూ, కనిపించిన రాయినల్లా తన్నుకుంటూ, తన్నినందుకు బొటనవేలు నొప్పిపెడితే మళ్ళీ తిట్టుకుంటూ పరుగెత్తాడు. ఆచారమా గీచారమా, నేరుగా గుంట వైపే చూస్తూ వెళ్ళాడు. దాహం పట్టుకుంటే పట్టుకోనీ, ఇప్పుడు మాత్రం గొంతు తడిగా ఉందా ఏమిటి?

కర్ర అక్కడే ఉంది. అయితే గుంటలో నుంచి ఒక చప్పుడు వస్తోంది. ఎవరో గుటగుట నీళ్ళు తాగుతున్న చప్పుడు.

ధవళకేతు వంగి విన్నాడు. సందేహం లేదు. నీళ్ళు లోపలెక్కడో పారుతున్నాయి. ఇన్నాళ్ళూ గుంట గుంటకూ వెనుదిరిగి పోయాడే తప్ప, తాగిన నీళ్ళు ఎటు పోతున్నాయో ఒక్కసారైనా ఆగి వినలేదు. ఈ మాట తట్టగానే అతడికి తన మీద ఇంకా కోపం వచ్చింది. కర్ర అందుకుని, "తాగు! తాగు! ఎంత తాగుతావో తాగు!" అంటూ గుంట అడుగున కసి తీరా పొడిచాడు.

మూడో పోటుకు అడుగు ఊడిపోయింది. అడుగుతో పాటు మేస్త్రి కూడా ఊడిపడ్డాడు.

మన్ను, రాళ్ళు, వేళ్ళు, చీకటి! దొర్లుకుంటూ, కొట్టుకుంటూ, ఎక్కడా పట్టు దొరకక జారి జారి, చివరికి మెత్తని తడి ఇసుక మీద దభీమని పడ్డాడు. నోట్లోని మన్ను ఉమ్మేసి, కర్ర చేతిలోనే ఉందని చూసుకుని, తల పైకెత్తాడు.

అదొక పెద్ద గుహ. పైకప్పు నిండా సన్నని బొరియలు. ప్రతి బొరియ నుంచీ ఒక ఎర్రని ధార గోడ వెంట కిందికి పాకుతోంది. ఒకటి నిన్నటి గుంటది, ఒకటి మొన్నటిది, ఆ పక్కది జిగటమన్ను దగ్గర గంతులు వేసి తవ్వినది. నేల పైన విడివిడిగా తాగేసిన నీళ్ళన్నీ నేల కింద కలిసి, పిల్లకాలువలా ఒకే వైపు పరుగెడుతున్నాయి. గుహకు ఒక మూల, ఎంతో ఎత్తు నుంచి, సన్నని వెలుగు గీతలు దిగుతున్నాయి. వాటి కింద ఇసుకలో ఒక తుప్పు పట్టిన బొక్కెన పడి ఉంది. ఊరి నడిమి బావి అడుగు ఇదే! బావి ఎండింది గానీ నీళ్ళు ఎక్కడికీ పోలేదు, దాని కాళ్ళ కిందనుంచే దొంగతనంగా జారిపోతున్నాయి.

కాలువ వెంట నడిచాడు. రెండు నల్లబండలు దగ్గరగా వచ్చిన చోట గుహ ఒక గుండ్రని గొంతులా ఇరుకై, నీళ్ళు అందులోంచి అవతలికి దూకుతున్నాయి. ధవళకేతు ఆ గొంతు పక్కన ఉన్న నున్నని బండకు చేరగిలబడి, మెడ చాచి అవతలికి చూశాడు.

చూసి నోరు తెరిచాడు. అవతల పాలరాతి మెట్లతో తీర్చిన తటాకం, అందులో పసిడి రేకుల తామరలు. ఒడ్డున గెలల బరువుకు నేల తాకుతున్న అరటిచెట్లు, విరగకాసిన మామిళ్ళు, పూసిన పొగడలు. కప్పుకు పొదిగిన మణులు పగటి వెలుగు కురిపిస్తుంటే, ఆ వెలుగులో నెమళ్ళు పురివిప్పి, వెండి కాలువల్లో జలకాలాడుతున్నాయి. గాలి నిండా పండిన పనసతొనల వాసన. వేయిమంది చిత్రకారులు కూర్చుని గీసినా అంత ముచ్చటైన తోట రాదు.

ధవళకేతుకు మాత్రం ఆ ముచ్చట చూసి ఏడుపొచ్చింది. పైన గంజి కాచుకోవడానికి నీళ్ళు లేక ఊళ్ళకు ఊళ్ళు బండ్లెక్కుతుంటే, కింద నెమళ్ళకు స్నానాలా!

తటాకం ఒడ్డున కాగు లాంటి పొట్టతో ఒక ముసలివాడు కూర్చుని, కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ బంగారు గిన్నెతో నీళ్ళు ముంచుకున్నాడు. ఒక గుక్క తాగి థూ అని ఉమ్మేశాడు. "మళ్ళీ ఈ మోదుగు కంపు! ఎవడురా నా తటాకంలో రోజూ ఈ పాడు పూలు కలుపుతున్నది?"

"నేనే!" అన్నాడు ధవళకేతు, ఆపుకోలేక. అనకుండా ఉండాల్సింది. ఎదుటివాడికి దొరక్కుండా దాక్కుని, ఆలోచించి, ఉపాయం పన్నాల్సింది. కానీ కోపం వచ్చినప్పుడు అతడికి ఉపాయాలు రావు, మాటలే వస్తాయి.

ఘటోదరుడు గిన్నె దించి చూశాడు. చూసి పొట్ట కదిలేలా నవ్వాడు. "ఓహో! వెనక్కి చూసినవాడు ఒకడు పుట్టాడన్నమాట! తాగిన గుంట వైపు తిరిగి చూడరాదన్న కట్టుబాటు ఎవరిదనుకున్నావు? సన్యాసి వేషం వేసి, విభూతి పూసుకుని, వీళ్ళ తాతముత్తాతలకు నేను చెప్పిందే! ఒక్కడూ చూడలేదు. భక్తులంటే వాళ్ళూ! ఇక కాసేపట్లో చివరి బండి హద్దురాయి దాటుతుంది. ఓరీ కర్కటకా, నిద్ర చాలించు. ఆహారం నీ వీపుకే ఆనుకుని ఉంది."

ధవళకేతు చేరగిలబడిన బండ కదిలింది.

అది బండ కాదు. రథమంత ఎండ్రకాయ! కాడల మీద కళ్ళు పైకి లేచాయి, పటకారుల్లాంటి రంపపు పళ్ళ డెక్కలు రెండూ తెరుచుకున్నాయి. ధవళకేతు పక్కకు దొర్లాడు. డెక్క నేలను కొరికి, అతడు నిలుచున్న చోట ఇసుకలో గొయ్యి చేసింది. రెండో డెక్క వెదురుకర్రను పట్టుకుని నలిపేసింది, వెదురు చీలికలై కత్తి బయటపడింది. అతడు కత్తి దూసి, బలమంతా కూడదీసుకుని డిప్ప మీద కొట్టాడు. నిప్పురవ్వలు రాలాయి. డిప్ప మీద గీత కూడా పడలేదు, కత్తి మొన మాత్రం విరిగి ఎగిరిపోయింది. తాతగారు కీర్తించినదీ, తండ్రిగారు పూజించినదీ ఈ కత్తినేనా!

సరిగ్గా అప్పుడు పైన పెద్ద వాన మొదలైంది.

ఒక్కసారిగా గుహ కప్పులోని బొరియలన్నీ గర్జించాయి. ఎవరూ పూడ్చని గుంటలు, లోయ మీద పడుతున్న వానను దోసిళ్ళతో పట్టి కిందికి వదులుతున్నాయి. పల్లంలో తవ్వినదీ, ఇరుకులో తవ్వినదీ, జిగటమన్నులో తవ్వినదీ, తాను తిట్టి, తన్ని, వదిలేసిన ప్రతి గుంటా ఒక్కో జలపాతమైంది. చోట్లన్నీ సరిగ్గానే ఎంచాడు! వాన నీరు వచ్చి చేరే చోటే ప్రతిసారీ ఎంచాడు. నీళ్ళు ఆపాల్సింది అక్కడ కాదు, అంతే. ఆపాల్సింది ఇక్కడ, రెండు నల్లబండల మధ్య, ఈ గొంతు దగ్గర. లోయ మొత్తానికీ ఒకే ఒక్క కట్ట చాలు, అది కూడా ఒక రథం పట్టే గుమ్మమంత!

కట్టడానికి మట్టి లేదు, రాయి లేదు, మనుషులు లేరు. చేతిలో మొన విరిగిన కత్తి, ఎదురుగా ఎండ్రకాయ. ధవళకేతుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎండ్రకాయ మళ్ళీ దూకింది. అతడు దాని కాళ్ళ మధ్య నుంచి జారి ఇవతలికి వచ్చాడు. అప్పుడు ఆ గొంతు అంచులు చూశాడు. గుండ్రంగా, నున్నగా, ఎండ్రకాయ డిప్పకు సరిగ్గా సరిపోయేలా అరిగి ఉన్నాయి. అది దాని బొరియే! చిన్నప్పుడు పాఠాలు ఎగ్గొట్టి కోట వెనక వరిమళ్ళలో తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. గట్టుకు బొరియ పెట్టిన ఎండ్రకాయను పుల్లతో కళ్ళ మీద గెలికితే, అది వెనక్కి వెనక్కి బొరియలోకి దూరి, డెక్కలు అడ్డం పెట్టి బిగుసుకునేది. ఇక దాన్ని బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. జలశాస్త్రం కాదు, జలశాస్త్రం ఎగ్గొట్టిన మధ్యాహ్నాలే పనికొచ్చేలా ఉన్నాయి.

కత్తిని నడుముకు దోపుకుని, చీలిన వెదురు బద్దలు రెండు ఏరుకున్నాడు. "రా! రావే రాకాసిదానా!" అంటూ ఎదురెళ్ళి ఎడమకంటి మీద ఒకటి, కుడికంటి మీద ఒకటి గెలికాడు. కాడల కళ్ళు టక్కున లోపలికి ముడుచుకున్నాయి. డెక్కలు గుడ్డిగా గాలిని కొరికాయి. ఒక పంటిరంపం అతడి భుజాన్ని చీల్చింది. అతడు ఆగలేదు. గెలికాడు, అరిచాడు, మళ్ళీ గెలికాడు. ఎండ్రకాయ ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది. వెనక కాళ్ళు గొంతులోకి దిగాయి, డిప్ప దిగింది, చివరికి డెక్కలు రెండూ అంచులకు అడ్డం పడి బిగుసుకున్నాయి. నీళ్ళు వచ్చి దాన్ని ఇంకా లోపలికి నొక్కాయి.

కాలువ చప్పుడు ఆగిపోయింది. డిప్ప అవతల నుంచి ఘటోదరుడి అరుపులు దిండు అడ్డం పెట్టినట్టు సన్నగా వినిపించాయి.

"కట్ట పడింది!" అని ధవళకేతు కేక వేశాడు. అతడి కేకకు సంతోషించడానికి గుహలో ఎవరూ లేరు. పైగా కట్టకు తాను ఏ వైపు నిలబడ్డాడో అప్పుడే తెలిసొచ్చింది. నీళ్ళు అప్పటికే మోకాళ్ళు దాటాయి.

నడుము, రొమ్ము, మెడ. బొక్కెన తేలుతూ వచ్చి అతడి తలకు తగిలింది. దాన్ని చంకలో ఇరికించుకుని, ఈదుకుంటూ వెలుగు గీతల కిందికి చేరాడు. నీరు పెరుగుతున్న కొద్దీ బావిగోడల మధ్య తానూ పైకి లేచాడు. ఏ తరం వాళ్ళో రాతిలో చెక్కిన మెట్లు, తాళ్ళు ఒరుసుకుపోయిన గీతలు ఒక్కొక్కటే పక్కనుంచి దిగిపోయాయి. బావి నిండుతోంది! తన కళ్ళతో చూస్తున్నాడు! ఆ సంబరంలో భుజం నొప్పి కూడా మరిచిపోయాడు. అంతలో తల ఠంగుమని రాతికి కొట్టుకుంది.

ఎండిన బావి మీద కప్పిన పలక. నీటికీ పలకకూ మధ్య అతడి తల పట్టేంత చోటు మాత్రమే ఉంది.

కత్తి పిడితో పలక మీద బాదాడు. "నాంచారమ్మా! ఎవరక్కడ! నీళ్ళొచ్చాయి! ఆగండి!"

పలక సందులోంచి వాన చప్పుడు, దాని వెనక బండి చక్రాల కిరకిరలు వినిపించాయి. దూరమవుతున్నాయి. ఆ తర్వాత నాంచారమ్మ గొంతు, ఏడుపు మింగుకుంటూ, గట్టిగా వినిపించింది. "ఎవురూ తిరిగి చూడొద్దండి! బావి పిలుస్తాంది. దాహంతో పిలుస్తాది, పలకొద్దు! బండ్లు తోలండి!"

ధవళకేతు పలకకు తల బాదుకున్నంత పని చేశాడు. ఇన్ని నీళ్ళు తెచ్చి వాకిట్లో పెడితే, దయ్యం అంటున్నారే! గొంతు చిరిగేలా అరిచాడు. పేరు పెట్టి పిలిచాడు. తాను మేస్త్రినన్నాడు, యువరాజునన్నాడు, ఆఖరికి తిట్టాడు కూడా. అరిచినకొద్దీ చక్రాలు త్వరపడ్డాయే గానీ ఆగలేదు. హద్దురాయి ఊరికి ఎంతో దూరం లేదు. నీళ్ళు గడ్డాన్ని తాకాయి.

అంతలో ఒక గంట గణగణ మోగింది. తర్వాత ఇంకొకటి. ఎవరో "హేయ్! హోయ్!" అని అదిలిస్తున్నారు. కర్ర దెబ్బలు, కాడి విరిగిన చప్పుడు.

"యాడికిరా పుల్లోడా? ఇటు తిరుగు! నీకేం పుట్టిందిరా?" అని నాంచారమ్మ కసురుతోంది.

ఆచారాలు మనుషులకే గానీ ఎద్దులకు లేవు. వాటికి నీటి వాసన తగిలింది. గిట్టల చప్పుడు పలక మీదికి వచ్చింది. కొమ్ము ఒకటి సందులో దూరి ఎత్తింది. పలక ఒక వైపు జరిగి, ఆ సందులోంచి ఒక గరుకు నాలుక లోపలికి చొరబడి, నీటితో పాటు యువరాజుగారి నుదుటినీ బరబరా నాకింది. ఆ లోయలో అతడికి దక్కిన మొదటి మర్యాద అదే.

ఎద్దు పక్కన నాంచారమ్మ ముఖం కనిపించింది. వాన ఆమె ముఖం మీదినుంచి కారుతోంది. చెయ్యి చాచి నీటిని ముట్టుకుంది, వేళ్ళకంటిన ఎర్రరంగు చూసుకుంది.

"మేస్త్రీ! ఇవి మన మోదుగు నీళ్ళే కదయ్యా! యాడ కట్టినావు చెరువు?"

"మీ కాళ్ళ కిందే..." అని ఇంకా ఏదో చెప్పబోయి ఆగాడు. బావి మెట్టు పట్టుకుని ఉన్న అతడి గడ్డం దగ్గరి నీరు మెడకు దిగింది. మెడ నుంచి భుజాలకు దిగింది. ఎక్కడో అడుగున, డిప్ప కాలుతున్న వాసనతో ఒక వేడి బుడగ పైకి తేలి చిట్లింది. ఘటోదరుడు అవతల నుంచి మంటపెట్టి ఎండ్రకాయను కదిలిస్తున్నాడు!

"అమ్మా, వినండి! నేను తవ్విన ప్రతి గుంట దగ్గరికీ మనిషిని పంపండి. వేసిన మన్ను తీసి వెడల్పు చేయించండి. ఒక్క వాన చుక్క పక్కకు పోకూడదు. నిండుతూ ఉంటేనే కట్ట బిగుసుకుని నిలబడుతుంది."

"అవి తాగిన గుంటలయ్యా. వాటిల్లోకి తిరిగి చూడగూడదే!"

"చూడండి! ఆ మాట మీకు చెప్పినవాడే మీ నీళ్ళు తాగుతున్నాడు. ప్రతి గుంటనూ చూడండి!"

"మరి నువ్వో? చెయ్యియ్యి, పైకి లాగుతా."

"ఇన్నాళ్ళకు ఒక్క చోటు దొరికింది నాకు. కిందికి పోయి ఆ కట్టను నేనే కాయాలి, వదలను," అన్నాడు ధవళకేతు.

నాంచారమ్మ చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత ఆమె లేచి నిలబడింది. ఎద్దు మెడ పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, మెల్లగా వెనక్కి తిరిగి గుంటల వైపు చూసింది. ధవళకేతు అది చూశాడు. గుండె నిండా గాలి పీల్చుకుని, విరిగిన కత్తిని పళ్ళతో కరుచుకుని, చీకటి నీళ్ళలోకి మునిగాడు.